కొండ అమ్మిన డబ్బు కొండకు చేరాలంటే

విశాఖపట్నంలో ప్రభుత్వ భూమిని వేలం వేస్తే గజం ఎంతకు పలికిందో మర్నాటి పేపర్లో వస్తుంది. అదే భూమి కొండగానో గెడ్డగానో (వాగుగానో) దిబ్బగానో మిగిలిపోతే మాత్రం దాని ఖర్చు లెక్క ఎక్కడా కనిపించదు. చుట్టూ సరిహద్దు రాళ్లు పాతాలి, కాపలా పెట్టాలి, ఆక్రమణ కేసుల్లో వకీలును నిలబెట్టాలి. వీటికి ఏడాదికి ఎంత కావాలి, ఏ పద్దులోంచి రావాలి అని అడిగేవాళ్లు తక్కువ. నగరంలో పర్యావరణం పేరిట నడిచిన పెద్ద వివాదాలు దాదాపు అన్నీ అనుమతుల చుట్టూనే తిరిగాయి. ఋషికొండను తొలిచి పర్యాటక భవనాలు కట్టిన వ్యవహారం 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టుల దాకా వెళ్లింది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల పక్కన 2024 జులైలో యంత్రాలు దిగినప్పుడూ అందరూ అడిగింది అనుమతి ఎవరిచ్చారనే. ఆ ప్రశ్న అవసరమే. అయితే అనుమతి ఎవరూ ఇవ్వకపోయినా భూమి పోతుంది. సర్వే జరగని కొండ, కాపలా లేని గెడ్డ అంచుల నుంచి కొద్దికొద్దిగా తరిగిపోతాయి. పోయిన సంగతి తెలిసేసరికి అక్కడ ఇంటిపన్ను రసీదులు కూడా తయారై ఉంటాయి.

ప్రభుత్వ భూమిని కాపాడే ఖర్చుకు చట్టంతో స్థిరమైన ఆదాయం కల్పించడం ఎలా? మన పార్లమెంటు దీనికి ఒక జవాబు ఇచ్చింది. అమెరికా కాంగ్రెస్ అరవై ఏళ్లుగా ఒకదాని తర్వాత ఒకటిగా జవాబులు ప్రయత్నిస్తూ ఉంది. వాటిలో కొన్ని చట్టాలయ్యాయి, కొన్ని బిల్లుల దగ్గరే ఆగిపోయాయి. వీటన్నిటినీ విశాఖ అవసరాలకు ఆనించి చూస్తే, నిధి ఎంత పెద్దదన్నది తర్వాతి మాట అని తేలుతుంది. ఆ డబ్బు ఏటా ఎవరి దయా అక్కర్లేకుండా వస్తుందా, ఆ డబ్బుతో కాపాడిన భూమిని రేపు మరొక అవసరం పేరుతో లాక్కోకుండా అదే చట్టం అడ్డుపడుతుందా అన్న రెండే ముందు చూడాల్సినవి.

ముందుగా విశాఖ భూముల సంగతి చెప్పుకోవాలి. ఇక్కడ పచ్చగా కనిపించే ప్రతి కొండా అటవీ శాఖది కాదు. నగరం నడిబొడ్డున దాదాపు 70 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న కంబాలకొండ అభయారణ్యం అటవీ శాఖ చేతిలో ఉంది. దాన్ని ఆనుకుని సాగే సింహాచలం కొండల్లో దేవస్థానం భూములున్నాయి. యారాడ వైపు నౌకాదళం, పోర్టు ఉన్నాయి. మిగతా చాలా కొండలు రెవెన్యూ రికార్డుల్లో కొండ పోరంబోకు. ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ లాంటి జలాశయాల్లోకి నీరు దిగే వాలులు ఒకే శాఖ కింద లేవు. ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక నిక్షేపాలు తమిళనాడులోని తేరి దిబ్బలు, శ్రీలంక తీరం మినహా మరెక్కడా లేవని చెబుతారు. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు వీటికీ చోటు దక్కింది. ఇంత గుర్తింపు వచ్చినా, ఆ దిబ్బల నిర్వహణకే కేటాయించాలని చట్టం చెప్పే ఆదాయం మాత్రం లేదు. గుర్తింపు ఇచ్చే సంస్థ ఒకటి, భూమి చేతిలో ఉన్న శాఖ మరొకటి, ఖర్చు భరించాల్సిన ఖజానా ఇంకొకటి కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలాల పరిరక్షణ బిల్లు ముసాయిదాను చర్చకు పెట్టింది. స్థలాన్ని ప్రకటించే అధికారం, భూసేకరణ, నిర్మాణాల నిషేధం, ఉల్లంఘించినవారికి శిక్షలు ఇవన్నీ అందులో ఉన్నాయి. అధికారాలన్నీ భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దగ్గరే పోగవుతాయని, స్థానికులకు పాత్ర లేదని విమర్శలు వచ్చాయి. చర్చ ఎక్కువగా అక్కడే ఆగింది. దిబ్బ చుట్టూ కంచె వేసే కూలీకి జీతం ఎవరివ్వాలన్న ప్రశ్నకు అందులో పెద్దగా చోటు దొరకలేదు.

కాంపా ఇచ్చిన జవాబు

డబ్బు గురించి నేరుగా మాట్లాడిన భారతీయ చట్టం ఒకటుంది, అదే ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి చట్టం. అందరూ కాంపా అంటారు. దీని పుట్టుక పార్లమెంటులో జరగలేదు. అడవుల కేసుగా పేరుపడ్డ గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఒక నిధి ఏర్పాటు చేయమంది. గనులకో ఆనకట్టకో రోడ్డుకో అటవీ భూమి తీసుకున్నవారు ప్రత్యామ్నాయంగా మొక్కలు పెంచే ఖర్చు కట్టాలి. దానికి తోడు పోయిన అడవి నికర వర్తమాన విలువ, అంటే ఆ అడవి ముందు ముందు ఇచ్చే ప్రయోజనాలకు నేటి లెక్కలో కట్టిన ధర కూడా కట్టాలి. డబ్బు వచ్చింది గానీ దాన్ని ఖర్చుపెట్టే చట్టబద్ధమైన ఏర్పాటు లేక 2006 తర్వాత ఏళ్ల తరబడి తాత్కాలిక సంస్థ ఖాతాలో పేరుకుపోయింది.

ఈ డబ్బు మీద రెండు బిల్లులు వచ్చాయి. 2008 బిల్లు నిధినంతా కేంద్రం దగ్గరే ఉంచాలనుకుంది. స్థాయీ సంఘం దాన్ని తిరస్కరించమంది, ఇది సమాఖ్య స్ఫూర్తికి విరుద్ధమంది. లోక్‌సభ ఆమోదించినా రాజ్యసభ దాటలేక 2009 ఎన్నికలతో ఆ బిల్లు కాలం చెల్లింది. 2015 బిల్లు ఆ అభ్యంతరాన్ని గుర్తుంచుకుంది. 90 శాతం రాష్ట్రాలకు, 10 శాతం కేంద్రానికి అని రాసి, రెండు చోట్లా డబ్బు ప్రజాపద్దులో, అంటే ఏడాది చివర మురిగిపోని ఖాతాలో ఉండాలంది. 2016 జులైలో రాజ్యసభ కూడా ఒప్పుకుంది. చట్టం 2018 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47,000 కోట్ల రూపాయలకు పైగా అప్పగిస్తే, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా దాదాపు 1,734 కోట్లు.

కాంపాలో మెచ్చుకోవాల్సిన గొప్ప అంశం ఒకటుంది. అడవి విలువ బేరసారాల మీద ఆధారపడదు. రకం, సాంద్రతలను బట్టి హెక్టారుకు ఎంత కట్టాలో ముందే నిర్ణయమై ఉంటుంది. 2022 జనవరిలో సవరించాక ఆ మొత్తం హెక్టారుకు సుమారు తొమ్మిదిన్నర లక్షల నుంచి 16 లక్షల రూపాయల దాకా ఉంది. తీసుకునేది ప్రైవేటు కంపెనీ అయినా ప్రభుత్వ సంస్థ అయినా, కొన్ని మినహాయింపులు తప్ప కట్టాల్సిందే. ఈ సూత్రం అవసరం విశాఖకు ఎంత ఉందో కింద చూద్దాం.

లోపాలు కూడా గట్టివే. అడవి పోతేనే ఈ నిధికి డబ్బు. ఎక్కడా అడవి పోని మంచి ఏడాదిలో కాపలాకు నిధి రాదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2013లో ఇచ్చిన నివేదిక చూస్తే మరో లోపం తెలుస్తుంది. అడవికి బదులుగా రావాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు కాగా, వచ్చింది 28,086 హెక్టార్లు, అంటే 27 శాతమే. మొక్కలు నాటింది అందులోనూ నాలుగో వంతే. డబ్బు వచ్చినంత సులువుగా భూమి రాలేదన్నమాట. ఇక ఖర్చు విషయం చూస్తే, ఉత్తరాఖండ్‌లో 2019–22 మధ్య ఈ నిధి నుంచి 13.86 కోట్లు ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు, భవనాల మరమ్మతుల్లాంటి వాటికి మళ్లాయని కాగ్ తేల్చింది.

విశాఖ దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరిమితి వేరు. కాంపా అటవీ భూమికే వర్తిస్తుంది. కంబాలకొండలో మంటలు పాకకుండా అగ్గి గీతలు గీయడానికో గోడ కట్టడానికో ఈ నిధిని అడగవచ్చు. దాని పక్కనే ఉన్న కొండ పోరంబోకుకు ఆ దారి లేదు. చూసేవాడి కంటికి రెండూ ఒకే పచ్చదనం, వాన పడితే రెండిటి నీరూ ఒకే గెడ్డలోకి దిగుతుంది. చట్టం దృష్టిలో మాత్రం ఒకటి అడవి, మరొకటి ఎవరికైనా ఇవ్వగలిగిన ఖాళీ జాగా. పైగా విశాఖ దగ్గర అడవి పోతే బదులు మొక్కలు విశాఖలోనే నాటాలన్న నియమమేమీ లేదు. రాష్ట్రంలో ఎక్కడ భూమి దొరికితే అక్కడ నాటవచ్చు. నీడ కోల్పోయిన కాలనీకి మరో జిల్లాలో లేచిన తోట వల్ల ఒరిగేది లేదు.

సముద్రపు చమురు, భూమి మీది పార్కు

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం చేతిలో దాదాపు 64 కోట్ల ఎకరాల భూమి ఉంది, దేశ విస్తీర్ణంలో నాలుగో వంతుకు పైనే. 1964 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన భూ, జల పరిరక్షణ నిధి చట్టం మరుసటి ఏడాది మొదలైంది. మొదట్లో దీనికి ఆదాయం మూడు చోట్ల నుంచి వచ్చేది: పార్కుల ప్రవేశ రుసుములు, మోటారు పడవల ఇంధనం మీద పన్ను, ప్రభుత్వానికి అక్కర్లేని భూములూ భవనాలూ అమ్మిన సొమ్ము. అవి చాలకపోవడంతో 1968లో సముద్ర గర్భంలో తీసే చమురు, సహజ వాయువుల మీద వచ్చే ఆదాయాన్ని కలిపారు. ఒకసారి తోడేస్తే తిరిగిరాని ప్రజల ఆస్తి ఇది, కాబట్టి అందులో కొంత భాగాన్ని ఎప్పటికీ ఉండే మరో ప్రజల ఆస్తిగా మార్చాలన్నది దాని వెనకున్న ఆలోచన.

ఆలోచన బాగుంది, రాసిన తీరులో లోపం ఉంది. ఏడాదికి 90 కోట్ల డాలర్ల దాకా నిధిలో జమ చేయమని చట్టం చెప్పింది గానీ, ఖర్చుకు మాత్రం ప్రతి ఏడూ కాంగ్రెస్ విడిగా కేటాయించాలి. కాగితం మీద జమ అవుతూ వచ్చింది, చేతికి రాలేదు. 2018 నాటికి 4,000 కోట్ల డాలర్లకు పైగా జమైతే, అందులో సుమారు 2,200 కోట్లు ఇతర ఖర్చుల్లో కలిసిపోయాయి. అనుకున్న 90 కోట్లు పూర్తిగా ఇచ్చిన సంవత్సరాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1999లో ఒకేసారి మూడు ప్రతిపాదనలు ముందుకొచ్చాయి. శాసనాల రూపకల్పన నేర్చుకునేవారికి ఆ పోలిక ఇప్పటికీ పనికొస్తుంది. అధ్యక్షుడు క్లింటన్ జనవరిలో బడ్జెట్‌తో పాటు భూముల పరిరక్షణకు 100 కోట్ల డాలర్ల కార్యక్రమం ప్రకటించారు. అది బడ్జెట్ మీద ఆధారపడినది. కాలిఫోర్నియా డెమొక్రాట్ జార్జ్ మిల్లర్ బిల్లు ఏడాదికి సుమారు 230 కోట్ల డాలర్లను శాశ్వతంగా కేటాయించమంది. కొత్తగా సముద్రంలో తవ్వకాలకు ఎవరికీ ఆశ పుట్టకుండా చూడాలన్న జాగ్రత్త అందులో ఉంది. అలాస్కా రిపబ్లికన్ డాన్ యంగ్ మరో బిల్లు తెచ్చారు. సముద్రపు చమురు ఆదాయంలో పెద్ద వాటా తీరప్రాంత రాష్ట్రాలకు దక్కాలని అది కోరింది. తీరం దగ్గర చమురు తీస్తే ఎక్కువ డబ్బు వస్తుందంటే, రాష్ట్రాలే తవ్వకాలకు తొందరపడతాయని పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పారు. చివరికి యంగ్, మిల్లర్ రాజీపడి ఒకే బిల్లు తెచ్చారు. 2000 మే 11న ప్రతినిధుల సభ దాన్ని 315–102 ఓట్లతో ఆమోదించింది.

అంత మెజారిటీతో గెలిచిన బిల్లు సెనేట్‌లో నిలిచిపోయింది. ప్రభుత్వం మరింత భూమి కొనేస్తుందని పడమటి రాష్ట్రాల భూయజమానుల తరఫు సభ్యులు భయపడ్డారు. అంతకన్నా గట్టిగా అడ్డుపడింది కేటాయింపుల కమిటీల సభ్యులు. ఏటా తమ చేతి మీదుగా వెళ్లాల్సిన డబ్బు ఇకపై తమను అడగకుండానే వెళ్లిపోతుందన్నది వారి బాధ. ఆ బిల్లుకు బదులు, ఆ ఏటి బడ్జెట్ చట్టంలో పరిరక్షణకు ప్రత్యేక పద్దు ఒకటి పెట్టి, 160 కోట్ల డాలర్లతో మొదలుపెట్టి 2006కి 240 కోట్లకు పెంచుతామన్నారు. అధికారంలోకి కొత్తవాళ్లు వచ్చారు, యుద్ధాలు వచ్చాయి, ఆ మాట కొన్నేళ్లకే మరుగున పడింది. శాశ్వత హక్కు అడిగినవారికి మాట దక్కింది. మాటకూ హక్కుకూ ఉన్న తేడా రూపాయల్లో తెలియాలంటే ఈ కథ చాలు.

అసలు పరిష్కారం రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. నిధి గడువు 2015లో ఒకసారి, 2018లో ఒకసారి ముగిసిపోయింది. 2019 మార్చిలో దాన్ని శాశ్వతం చేశారు. 2020 ఆగస్టు 4న వచ్చిన చట్టం ఏటా 90 కోట్ల డాలర్లు కేటాయింపుల కమిటీని అడగక్కర్లేకుండానే విడుదలయ్యేలా చేసింది. ఇదే చట్టం పార్కుల్లో ఏళ్లుగా ఆగిపోయిన మరమ్మతుల కోసం ఐదేళ్ల పాటు ఏడాదికి 190 కోట్ల డాలర్ల దాకా మరో నిధి కూడా పెట్టింది. భూమి కొనడం ఒక ఖర్చు, కొన్న భూమిని నిలబెట్టుకోవడం మరో ఖర్చు అని ఒప్పుకున్న చట్టమిది. అయితే మరమ్మతుల నిధికి ఐదేళ్ల గడువు పెట్టారు, ఆ గడువు 2025తో ముగిసింది. కొనుగోలుకు శాశ్వత డబ్బు, నిర్వహణకు తాత్కాలిక డబ్బు అన్న ఈ విభజన సరైనది కాదు. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో నాటిన మొక్కల గతి చూసినవారికి నాటే ఖర్చు కన్నా మూడో వేసవి నీటి ఖర్చే ముఖ్యమని ఎవరూ చెప్పక్కర్లేదు.

లాస్ వేగాస్ లెక్క

విశాఖకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఈ భూ, జల పరిరక్షణ నిధి చట్టం కాదు. అంతగా పేరులేని మరొకటి ఉంది, 1998 నాటి దక్షిణ నెవాడా ప్రభుత్వ భూముల చట్టం. లాస్ వేగాస్ చుట్టూ ఉన్న ఎడారి దాదాపు అంతా ఫెడరల్ ప్రభుత్వానిది. నగరం విపరీతంగా పెరుగుతోంది, భూమి కావాలి. చట్టం నగరం చుట్టూ ఒక గీత గీసింది. ఆ గీత లోపల ఏ భూమిని అమ్మాలో స్థానిక సంస్థలు, కేంద్ర భూ నిర్వహణ శాఖ కలిసి నిర్ణయిస్తాయి. వేలంలో వచ్చిన సొమ్ములో 5 శాతం రాష్ట్ర విద్యకు, 10 శాతం ప్రాంతీయ నీటి సంస్థకు వెళ్తుంది. మిగిలిన 85 శాతం ఒక ప్రత్యేక ఖాతాలో పడుతుంది. దాన్ని పార్కులకు, నడకదారులకు, పర్యావరణపరంగా సున్నితమైన భూముల కొనుగోలుకు, పరిరక్షణకు మళ్లీ కేటాయింపు అక్కర్లేకుండా ఖర్చు చేయాలి. ఇప్పటిదాకా 300 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. 2005లో అధ్యక్షుడు బుష్ ప్రభుత్వం ఆ ఆదాయంలో 70 శాతాన్ని కేంద్ర ఖజానాకు మళ్లించాలని ప్రతిపాదించింది. చట్టంలో స్పష్టంగా రాసి ఉండటం వల్ల, దాన్ని సవరించడానికి కాంగ్రెస్ ఒప్పుకోకపోవడం వల్ల అది జరగలేదు.

ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. అమ్మితేనే డబ్బు వస్తుంది కాబట్టి, కాపాడాల్సిన శాఖకే అమ్మకం మీద మోజు పుడుతుంది. కాంపాకూ ఇదే జబ్బు ఉందని పైన చెప్పుకున్నాం. నగరం గీత దాటి విస్తరించేకొద్దీ ఆ గీతను జరపమని ఒత్తిడి వస్తుంది. అయినా విశాఖ పరిస్థితికి ఇది కాంపా కన్నా దగ్గర. ఇక్కడ అమ్మకం ఎలాగూ జరుగుతోంది. మహా విశాఖ ప్రాంతంలో పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ప్లాట్లు వేలం వేస్తూనే ఉంటుంది. ఆ డబ్బు ఎక్కడికి వెళ్లాలో చట్టం ముందే చెప్పడం లేదు, అంతే.

పక్కనే హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వ్యవహారం 2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భూమి అమ్మి అప్పులు తీర్చాలా, అడవిగా ఉంచాలా అన్న రెండు దారులే అక్కడ కనిపించాయి. మధ్యలో మూడో దారి ఉండగలదని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ చట్టమూ చెప్పలేదు. నగరంలోని ప్రజల భూమిని అమ్మినా ఇచ్చినా దాని విలువలో నిర్ణీత భాగం అదే నగరంలో మిగిలిన ప్రజల భూమిని కాపాడటానికి తప్పనిసరిగా వెళ్లాలి అన్నదే ఆ దారి.

99 పైసల ప్రశ్న

ఇలాంటి చట్టం ఆంధ్రప్రదేశ్‌లో రాస్తే మొదట తేల్చుకోవాల్సింది దేని మీద శాతం అన్నది. లాస్ వేగాస్ చట్టం అమ్మిన ధర మీద శాతం తీసుకుంటుంది. విశాఖలో అది సరిపోదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం టీసీఎస్‌కు ఋషికొండలో 21.16 ఎకరాలను, ఆ తర్వాత కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో 21 ఎకరాలకు పైగా, 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని నిర్ణయించింది. ఉద్యోగాల కోసం ఈ నిర్ణయం సరైనదేనా అన్నది వేరే చర్చ. పరిరక్షణ నిధి వైపు నుంచి చూస్తే, ధర మీద 85 శాతమైనా 100 శాతమైనా చేతికి వచ్చేది నామమాత్రమే. రాష్ట్రం పెట్టుబడి కోసం ఎంత ఉదారంగా ఉంటే నిధి అంత ఎండిపోతుంది.

ఇక్కడే కాంపా నేర్పిన పాఠం పనికొస్తుంది. అడవిని ఎవరికి ఎంత చవకగా ఇచ్చినా నికర వర్తమాన విలువ కట్టాల్సిందే. అదేవిధంగా విశాఖ చట్టంలో వాటాను అమ్మిన ధర మీద లెక్కించకూడదు. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన ప్రభుత్వ విలువ మీద లెక్కించాలి. భూమి రాయితీకి ఇస్తే, ఆ రాయితీ ఇచ్చే శాఖే నిధికి వాటా కట్టాలి. దీంతో రాయితీ అసలు ఖర్చు కూడా పుస్తకాల్లో కనిపిస్తుంది. పారదర్శకత కోసం ఇది ఒక్కటి జరిగినా మేలే.

రెండోది, డబ్బు ఎక్కడ ఉంచాలి. రాజ్యాంగంలోని 266వ అధికరణ ప్రకారం ప్రభుత్వ ఆదాయం సంచిత నిధిలోకి వెళ్తుంది, అక్కడి నుంచి తీయాలంటే ఏటా శాసనసభ ఆమోదం కావాలి. అంటే 1964 నాటి అమెరికా చట్టం చేసిన పొరపాటు ఇక్కడ తేలిగ్గా జరిగిపోతుంది. అందుకే కాంపా ప్రజాపద్దును ఎంచుకుంది. వీఎంఆర్‌డీఏ విషయంలో దారి ఇంకా తేలిక. అది అమ్మే భూమి సొమ్ము చాలావరకు సంస్థ సొంత నిధిలోకే వస్తుంది కాబట్టి, 2016 నాటి మెట్రోపాలిటన్ ప్రాంత, పట్టణాభివృద్ధి సంస్థల చట్టంలో ఒక సెక్షన్ చేర్చి, విడి ఖాతా తప్పనిసరి చేస్తే సరిపోతుంది. కొత్త సంస్థ, కొత్త భవనం, కొత్త చైర్మన్ పదవి అక్కర్లేదు.

ఆర్థిక శాఖ అభ్యంతరం తప్పక వస్తుంది. అప్పుల్లో ఉన్న రాష్ట్రం చేతులు ముందే కట్టేసుకోకూడదు, బడికో ఆసుపత్రికో అత్యవసరమైతే డబ్బు వాడుకునే వెసులుబాటు ఉండాలి అంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. దానికి జవాబు భూమి స్వభావంలోనే ఉంది. పన్నుల ఆదాయం వచ్చే ఏడూ వస్తుంది, అమ్మిన కొండ రాదు. ఆస్తి అమ్మిన సొమ్మును జీతాలకు, పథకాలకు ఖర్చు చేస్తే మూలధనం కరిగిపోతుంది. అందులో ఒక భాగాన్ని, నాలుగో వంతు అనుకుంటే, మరో ఆస్తి రూపంలో నిలబెట్టమని చట్టం కోరడం అతి కాదు.

ఇప్పటికే వసూలవుతున్న మరికొన్ని డబ్బులు కూడా ఈ కోవలోవే. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. వదలని అనధికార లేఅవుట్లను క్రమబద్ధీకరించిన 2020 పథకంలో ఆ కొరతకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతం రుసుము పెట్టారు. పోయింది స్థలం, వచ్చింది డబ్బు. ఆ డబ్బు రోడ్డుకో కాలువకో వెళ్తే కాలనీకి సౌకర్యం వస్తుంది గానీ పిల్లలు ఆడుకునే జాగా తిరిగి రాదు. ఈ రుసుమును కూడా పరిరక్షణ ఖాతాలోకే తేవడం న్యాయం.

జిల్లా ఖనిజ నిధి మీద మాత్రం విశాఖ పెద్దగా ఆశ పెట్టుకోలేదు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం లీజుదారులు రాయల్టీకి అదనంగా 10 నుంచి 30 శాతం జిల్లా ట్రస్టుకు కట్టాలి. పర్యావరణ పరిరక్షణ అందులో ప్రాధాన్య అంశమే. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజన తర్వాత విశాఖ జిల్లా దాదాపు 1,048 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయి, చాలావరకు నగరమే మిగిలింది. నగరానికి కంకర, గ్రావెల్ ఇచ్చే క్వారీలు ఎక్కువగా అనకాపల్లి వైపు ఉన్నాయి. ఆ డబ్బు అక్కడి ఊళ్లకే దక్కాలి కూడా. ఇక తూర్పు తీరం సముద్ర గర్భంలోని చమురు, వాయువు 297వ అధికరణ కింద కేంద్రానివి. అమెరికాలో లాగా సముద్రపు రాయల్టీతో తీరపు కొండలను కాపాడాలంటే ఢిల్లీలో చట్టం మారాలి. దానికోసం అడగడం మానక్కర్లేదు, ఆగి కూర్చోనక్కర్లేదు.

భూమికి తాళం

ఇంతదాకా డబ్బు సంగతి. అయితే అమెరికా 1964 చట్టంలో డబ్బు కన్నా విలువైన భాగం ఆరో సెక్షన్‌లోని ఒక ఉపనిబంధన. ఈ నిధి సాయంతో రాష్ట్రమో నగరమో ఒక పార్కును కొన్నా, బాగుచేసినా, ఆ స్థలం హద్దుల పటం ఫైల్లో చేరుతుంది. ఆ తర్వాత దాన్ని వేరే పనికి మార్చాలంటే కేంద్ర మంత్రి అనుమతి కావాలి. బదులుగా కనీసం అంతే మార్కెట్ విలువ ఉండి, అంతే ఉపయోగపడే, అంతే అందుబాటులో ఉండే మరో స్థలం ఇవ్వాలి. విలువ ఒక్కటే సరిపోదు, చోటు కూడా సరిపోవాలి. నగరం మధ్య పార్కు తీసుకుని ఎక్కడో ఎడారిలో వెయ్యి ఎకరాలిస్తామంటే చెల్లదు. సగం ఖర్చు ఇచ్చే కేంద్రం, ఆ సగానికి బదులుగా శాశ్వతత్వాన్ని తీసుకుంటుంది. చిన్న గ్రాంటుతో బాగుపడ్డ ఆటస్థలం కూడా ఇలా శాశ్వతంగా ఆటస్థలమే అవుతుంది. నిధి పరిమాణం ఏటా మారినా, ఈ తాళం మాత్రం తెరుచుకోలేదు.

మన దగ్గర ఈ పని కోర్టులు చేస్తున్నాయి. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 1991లో కొట్టేసింది. ఊరుమ్మడి చెరువులు, భూముల ఆక్రమణలు తొలగించమని 2011లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తీర్పులు గొప్పవే. కానీ ప్రతి పార్కుకూ ఒక కేసు, ప్రతి కేసుకూ పట్టువదలని ఒక పౌరుడు, పదేళ్ల ఓపిక కావాలి. అటవీ భూమికి 1980 చట్టం రెండో సెక్షన్ రూపంలో తాళం ఉంది, కేంద్రం ఒప్పుకోకుండా మార్చలేరు. కొండ పోరంబోకుకు అలాంటిదేమీ లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో ఏ శాఖకైనా, ఏ సంస్థకైనా ఇచ్చేయవచ్చు. అందుకే నిధి చట్టం వట్టి నిధి చట్టంగా మిగిలిపోకూడదు. ఏ భూమి మీద ఈ నిధి నుంచి రూపాయి ఖర్చయిందో, ఆ భూమి అదే రోజు నుంచి షెడ్యూలులోకి, అంటే చట్టానికి జతచేసిన జాబితాలోకి ఎక్కాలి. షెడ్యూలులోంచి తీసేయాలంటే శాసనసభలో సవరణ రావాలి. బదులు భూమి అదే పరీవాహక ప్రాంతంలో ఉండాలి. ముడసర్లోవ వాలుకు బదులు మరో జిల్లాలో భూమి చూపించే వీలు ఉండకూడదు.

ఇలా చేస్తే ప్రభుత్వాలు భయపడి నిధిని ఏ భూమి మీదా ఖర్చు చేయకుండా ఊరుకుంటాయేమో అన్న అనుమానం సహజం. అమెరికాలో కొన్ని నగరాలు నిజంగానే ఈ షరతు చూసి గ్రాంటు తీసుకోవడానికి వెనకాడతాయి. దానికి విరుగుడు, ఖర్చుకు గడువు పెట్టడమే. నిధిలో పడ్డ డబ్బు మూడేళ్లలో షెడ్యూలు భూమి మీద ఖర్చు కాకపోతే, అది జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడిన స్థానిక కమిటీల నిధికి బదిలీ కావాలి. 2002 నాటి ఆ చట్టం ప్రతి స్థానిక సంస్థలోనూ కమిటీ, నిధి ఉండాలంటుంది. కమిటీలు కాగితం మీద ఉన్నాయి, నిధులు చాలా చోట్ల ఖాళీగా ఉన్నాయి. జీవవైవిధ్య వారసత్వ స్థలాలను ప్రకటించడానికి 37వ సెక్షన్ కూడా అందులోనే ఉంది.

షెడ్యూలులో మొదట ఎక్కాల్సినవి ఏవో విశాఖలో ఎవరినడిగినా చెబుతారు: ఎర్రమట్టి దిబ్బలు, వాటిలోంచి సముద్రానికి దిగే గెడ్డలు, బావికొండ, తొట్లకొండల చుట్టుపక్కల వాలులు, ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డల పరీవాహక కొండలు. పేర్లు తెలిసినంత మాత్రాన చాలదు. షెడ్యూలుకు సర్వే నంబర్లు కావాలి, అక్షాంశ రేఖాంశాలతో హద్దుల పటాలు కావాలి, ఒక్కో నంబరులో ఎవరి హక్కు ఎంతో తేలాలి. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేకు డ్రోన్లు, ఉపగ్రహ ఆధారిత పరికరాలు సమకూరాయి. పట్టా భూములకు వాడుతున్న ఆ పరికరాలతోనే ఈ కొండలనూ గెడ్డలనూ ముందు కొలవవచ్చు. బిల్లు అమరావతిలో ఎప్పుడు పెట్టినా, దాని వెనక జతచేయాల్సిన పటాలను కలెక్టరేట్, అటవీ శాఖ, వీఎంఆర్‌డీఏ సర్వేయర్లు కలిసి ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. దీనికి కొత్త చట్టమూ అక్కర్లేదు, పెద్ద నిధీ అక్కర్లేదు.